‘ఎలా చేశావు?’ అని అడగడం

లెక్కల బోధన మీద వచ్చిన పరిశోధనల్లో నేను పదే పదే తిరగేసేది ఒక్కటే: 1973లో అమెరికాలో స్టాన్లీ ఎర్ల్‌వాంగర్ రాసిన వ్యాసం. వేలమంది పిల్లల గణాంకాలు అందులో లేవు. ఉన్నది ఒక్క కుర్రాడు, 12 ఏళ్ల బెన్నీ.

ఆరో తరగతి బెన్నీ రెండో తరగతి నుంచీ ఒకే పద్ధతిలో చదివాడు. ఎవరి పాఠం వాళ్లే చదువుకోవాలి, ఎవరి పరీక్ష వాళ్లే రాసుకోవాలి. జవాబుల పట్టికతో పోల్చి మార్కులేస్తారు. టీచరు లెక్కలో బెన్నీ బాగా చదివే పిల్లవాడే. ఎర్ల్‌వాంగర్ పక్కన కూర్చుని, ఎలా చేస్తున్నావో చెప్పమన్నారు. 2/10ని దశాంశంగా రాస్తే 1.2 అన్నాడు బెన్నీ. లవాన్నీ హారాన్నీ కూడితే 12 కదా, మధ్యలో చుక్క పెట్టాడు. 4/11 అయితే 1.5. తిరగేసి 11/4 అన్నా 1.5.

దీన్ని నిర్లక్ష్యం అనడానికి నాకు మనసొప్పదు. వాడికో సూత్రం ఉంది, దాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. భిన్నమంటే ఏమిటో వాడితో కూర్చుని మాట్లాడినవాళ్లు లేరు. సూత్రాలు ఎవరో పెట్టినవి, తన పని పట్టికలోని జవాబును పట్టుకోవడం అని వాడు నమ్మాడు. అన్నేళ్లపాటు మార్కులు ఆ సంగతిని బయటపడనివ్వలేదు.

మన బడుల్లో చూడండి. 52లోంచి 27 తీసేస్తే 35 అని రాస్తుంది ఓ పాప. ఇంటూ కొట్టి, అప్పు తెచ్చుకోవడం మర్చిపోయావంటాం. మర్చిపోలేదు. చిన్న అంకెలోంచి పెద్దది పోదని మనం చెప్పిన మాట పట్టుకుని, 7లోంచి 2 తీసేసింది. అదే పాప అదే పద్ధతిలో 58లోంచి 23 తీసేస్తే 35 వస్తుంది, టిక్కు పడుతుంది! ఆ టిక్కు గురించే నా బెంగ.

అందుకే పిల్లల దగ్గర కూర్చున్నప్పుడు సరైన జవాబునూ ఆపి అడుగుతాను, ‘ఎలా చేశావమ్మా?’ అని. అడగ్గానే చేయి రబ్బరు మీదికి పోతుంది. తప్పు చేస్తేనే ఆ ప్రశ్న వస్తుందని వాళ్లకు అలవాటు. కాబట్టి కొన్నాళ్లు సరిగ్గా వచ్చిన లెక్కల మీదే అడగాలి, ఆ భయం పోవాలి. క్లాసులో నలభైమంది ఉంటే అందరినీ రోజూ అడగడం కుదరదు, నిజమే. రోజుకు ఇద్దరు చాలు. అయితే పిల్ల చెప్పేది పూర్తయ్యేదాకా మధ్యలో సరిదిద్దకూడదు. లెక్కల మాస్టార్లకు అన్నిటికంటే కష్టమైన పని అదే.