సేనానుల ఫొటోలు, విప్పేసిన ఆల్బమ్‌లు

పాత ఫొటోలు సేకరించేవాళ్లలో అమెరికా అంతర్యుద్ధం (1861-65) నాటి సేనానుల ఫొటోలకున్న గిరాకీ చూస్తే నాకు కుతూహలంతో పాటు చిరాకూ కలుగుతుంది. గ్రాంట్, లీ, షెర్మన్, కస్టర్... అరచేతిలో ఇమిడే అట్టముక్కల మీద అతికించిన బొమ్మలు. 1854లో పారిస్‌లో డిజ్దేరీ పేటెంటు తీసుకున్న 'కార్ట్ ద విజిత్'లివి. ఒకే ప్లేటు మీద అనేక బొమ్మలు తీయడంతో చవకయ్యాయి. వెనక పన్ను స్టాంపు ఉంటే 1864 సెప్టెంబరుకీ 1866 ఆగస్టుకీ మధ్య అమ్మినదని సేకర్తలు తేల్చేస్తారు. ఇంత శ్రద్ధగా చూసే కళ్లు, ఆ బొమ్మ ఏ ఆల్బమ్‌లోంచి, ఎవరి పక్కనుంచి వచ్చిందో మాత్రం పట్టించుకోవు.

ఆ ఆల్బమ్‌లు నింపింది చాలావరకు ఇంటి ఆడవాళ్లే. కొనుక్కొచ్చిన జనరల్ పక్కన యుద్ధానికి వెళ్లిన తమ్ముడు, ఆ పక్కన పోయిన పసిబిడ్డ. ఎవరి పక్కన ఎవరుండాలో ఎంచుకోవడం కూడా రచనే అంటాను నేను. డైరీకి తీరికలేని స్త్రీ పేజీలు అమర్చింది. వ్యాపారి అందులోంచి సేనానిని లాగి విడిగా అమ్ముతాడు. మిగిలినవాళ్లు 'పేరు తెలియని స్త్రీ'లై చవకబేరంలో పోతారు. పేరు ఆల్బమ్‌కి తెలుసు, విప్పినవాళ్లే పోగొట్టారు.

విప్పకపోతే ఏం దొరుకుతుందో చెప్పడానికి ఎమిలీ హౌలాండ్ ఆల్బమ్ చాలు. ఆమె క్వేకర్, బానిసత్వ వ్యతిరేకి, నల్లజాతివాళ్లకు చదువు చెప్పిన టీచరు. 2017లో ఆ ఆల్బమ్ వేలానికి వచ్చినప్పుడు, పరిశోధకులు అంతవరకూ ఎరగని హారియట్ టబ్‌మన్ ఫొటో అందులో బయటపడింది. 1868 ప్రాంతంలో తీసినది. కుర్చీ వీపు మీద చెయ్యి వేసుకుని నిబ్బరంగా కూర్చుంది, మన కళ్లకు అలవాటైన వృద్ధురాలు కాదు. 1863 జూన్‌లో కాంబహీ నది దాడికి దారి చూపి, ఏడు వందల మందికి పైగా బానిసల విడుదలకు కారణమైన మనిషి. మేరీలాండ్ నేషనల్ గార్డ్ ఆమెకు బ్రిగేడియర్ జనరల్ హోదా ఇచ్చింది 2024 నవంబరులో, ఆమె పోయిన 111 ఏళ్లకి!

అయితే సేనానుల వరసలో ఒక స్త్రీని చేరిస్తే లెక్క సరిపోతుందనుకోను. యుద్ధవీరుల ఆరాధన అలాగే ఉంటుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, స్మిత్సోనియన్ మ్యూజియం కలిసి ఆ ఆల్బమ్ మొత్తాన్నీ కొన్నాయి. రచయిత్రి లిడియా మరియా చైల్డ్ కూడా అందులోనే ఉంది. నాకు టబ్‌మన్ ఒక్క ఫొటో కన్నా, హౌలాండ్ వీళ్లందర్నీ ఒకచోట కూర్చిన తీరే ఎక్కువ చెబుతోంది.