గాజుల చప్పుడు ఏమైంది?

మా అమ్మ 1984లో పాడిన మంగళహారతుల క్యాసెట్ ఒకటి నా బీరువాలో ఉంది. ఈమధ్య మా మేనల్లుడు దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి నా ఫోనుకు పంపించాడు. ఆత్రంగా విన్నాను. పాట అమ్మదే, గొంతూ అమ్మదే. కానీ తాళం వేస్తూంటే గలగలమనే ఆ గాజులేవీ? 'స' అన్నచోటల్లా 'ఫ' అన్నట్టు వినిపిస్తుందేమిటి?

"సైజు తగ్గించానత్తయ్యా, పాట పోలేదుగా!" అన్నాడు.

పోయింది నాయనా! ఏం పోయిందో వాడిచేతే చెప్పించుకున్నాను. సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి రాసిపెడతారు. మావాడు దాన్ని 8,000కి దించాడు. ఎన్నిసార్లు కొలిస్తే అందులో సగం దాకానే శబ్దాలు దక్కుతాయిట. అంటే 4,000 హెర్ట్జ్ పైనుండే గాజుల గలగల, సకారాల సవ్వడి చాలామటుకు హుళక్కి! తర్వాత మళ్ళీ 44,100కి పెంచినా తిరిగి రావు. గంజి వార్చి పారబోశాక, అన్నంలో నీళ్ళు పోస్తే గంజి వస్తుందా?

అది చాలదన్నట్టు ఎమ్పీత్రీ కూడా చేశాడు. దాని పద్ధతి వేరు. పెళ్ళిలో బాజాలు మోగుతుంటే పక్కావిడ గుసగుస మనకు వినపడదు కదా! అలా పెద్ద శబ్దం చాటున నలిగిపోయే చిన్న శబ్దాలను అది తీసేస్తుంది. సీడీకి సెకనుకు 1,411 కిలోబిట్లు కావాలి. ఎమ్పీత్రీ 128తో, అంటే పదకొండో వంతుతో నెట్టుకొస్తుంది. మావాడు మరీ పిసినారి, 16తో సరిపెట్టాడు!

తెలివైన ఉపాయమే, కాదనను. కానీ ఏ గుసగుస అక్కర్లేదో తేల్చడం అంత తేలికా? ఎమ్పీత్రీని రూపొందించినవారిలో ఒకరైన జర్మనీ శాస్త్రజ్ఞుడు కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్‌కే ఈ చిక్కు ఎదురైంది. సుజాన్ వేగా అనే అమెరికా గాయని వాద్యాలేవీ లేకుండా పాడిన 'టామ్స్ డైనర్' పాటను కుదించి చూస్తే, ఆమె గొంతు పాడైపోయింది. ఆ పాటనే పదేపదే వింటూ ఆయన తన పద్ధతిని సరిదిద్దుకున్నాడు. చూశారా, పక్కవాద్యం లేని ఒంటరి ఆడగొంతు దగ్గరే యంత్రం తడబడింది! మా అమ్మకూ పక్కవాద్యాలు లేవు మరి, గాజులు తప్ప.

అదృష్టం, క్యాసెట్ ఇంకా బతికే ఉంది. ఏమీ కుదించకుండా, 44,100తో మళ్ళీ ఎక్కించమన్నాను. ఫోనుకు కావలసిన నకలు అందులోంచే 128తో తీయించాను. అందులో నా చెవికి ఏ లోటూ తెలియలేదు. కనుక ఎమ్పీత్రీని తిట్టి లాభం లేదు. తప్పల్లా మితిమీరిన పొదుపుది, నకలునే అసలనుకోవడానిది. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి క్యాసెట్లుంటే, చిన్న నకలు చేతికొచ్చిందని అసలును పారేయకండి.

కొత్తగా ఎక్కించింది వినిపించగానే గాజులు గలగలమన్నాయి. మా మేనల్లుడు కూడా కాసేపు మాట్లాడలేదు.