ఉక్కులో ప్రాణం ఉందా?

పాత ఉక్కు రోడ్ సైకిళ్ల గురించి ఎవరు రాసినా ఒక మాట తప్పకుండా వస్తుంది: "దానికి ప్రాణం ఉంటుంది." నేనూ అన్నాను, చాలాసార్లు. నా మాట నమ్మి ఒక మిత్రుడు మంచి కార్బన్ సైకిల్ అమ్మేసి పాతది కొనుక్కున్నాడు. నెల తిరక్కుండా "ఏదిరా ఆ ప్రాణం?" అని అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం అతనికి నేను పడ్డ బాకీ.

నా దగ్గర రెండూ ఉన్నాయి. ఒకటి 1980ల నాటిది, రెనాల్డ్స్ 531 ఉక్కు గొట్టాలతో చేసింది. రెండోది 2017లో కొన్నది, కార్బన్ ఫ్రేము, డిస్క్ బ్రేకులు. మేముండే సియాటిల్‌లో బర్క్-గిల్మన్ ట్రెయిల్ మీద చెట్ల వేర్లు తారును పైకి లేపేసిన చోట్లున్నాయి. అక్కడ పాతది మెత్తగా దాటేది. కొత్తది ముంజేతుల దాకా కొట్టేది. ఇదే ప్రాణం అనుకున్నాను. కానీ ఇంజినీరు బుద్ధి ఊరుకోదు కదా! పాతదానికి 32 మిల్లీమీటర్ల టైర్లు, 55 పీఎస్ఐ గాలి. కొత్తదానికి 25 మిల్లీమీటర్లవి, 100 పీఎస్ఐ. రెండింటికీ ఒకే రకం 28 మిల్లీమీటర్ల టైర్లు వేసి, 70 పీఎస్ఐ పెట్టి, మళ్లీ అదే వేర్ల మీదికి వెళ్లాను. తేడా దాదాపు మాయమైంది. ఇన్నాళ్లూ ఉక్కు పేరు చెప్పి గాలిని మెచ్చుకున్నానన్నమాట.

మరి రెండూ ఒకటేనా? కాదు. గేరు మార్చేటప్పుడు తెలుస్తుంది. పాతదానికి మీటలు కింది గొట్టం మీద ఉంటాయి. హ్యాండిల్ మీంచి ఒక చెయ్యి తీసి, వంగి, చైన్ చప్పుడు వింటూ కొద్దికొద్దిగా జరపాలి. ఎత్తు మొదలయ్యాక చూద్దాంలే అంటే చైన్ గరగరమంటుంది. కాబట్టి మలుపు అవతల ఏముందో ముందే ఊహించాలి. బ్రేకూ అంతే, వానలో రిమ్ము తడిస్తే పట్టుకోవడానికి టైం తీసుకుంటుంది. కొత్తదాని మీద వేళ్లు బ్రేకు దగ్గరే ఉండగా గేరు మారిపోతుంది. ఆఫీసు గొడవలు ఆలోచించుకుంటూ పోగలను. పాతదాని మీద పోలేను.

ఇటలీలో, గాయోలె ఇన్ కియాంటి అనే ఊళ్లో 1997లో మొదలైన 'లెరోయికా' సైకిల్ యాత్రకి సాధారణంగా 1987, అంతకు ముందు నాటి సైకిళ్లు రావాలి. వాళ్ల నిబంధనలు ఆసక్తిగా ఉంటాయి: గేరు మీటలు ఫ్రేము మీదే ఉండాలి, పెడళ్లకి పట్టీలుండాలి, బ్రేకు తీగలు హ్యాండిల్ టేపు బయట కనపడాలి. ఆ కాలపు అల్యూమినియం ఫ్రేములకి కూడా చోటుంది. అంటే ఆ నిబంధనలు పట్టించుకున్నది చెయ్యి ఎక్కడికి వెళ్తుంది, కాలు ఎక్కడ కట్టి ఉంటుంది అన్నదే.

పుస్తకాల మీద రాసేటప్పుడూ నాకిదే జబ్బు. "పాత కథల్లో ఆత్మ ఉండేది" అని రాసేస్తాను. ఆ కథ నన్ను ఎక్కడ ఆగమంది, దేన్ని ముందే ఊహించమంది అన్నది వెతకను. వెతకడానికి శ్రమపడాలి, ఆత్మ అనేస్తే అయిపోతుంది.

మిత్రుడికి నా జవాబు: ముందు వెడల్పు టైర్లు వేయించు. ఆ తర్వాత కూడా ప్రతి ఎత్తుకీ చెయ్యి కిందికి దించడం విసుగనిపిస్తే అమ్మేసెయ్. నీ తప్పేం లేదు, తప్పు మాట వాడింది నేను.