ఆ అంగట్లో కుర్చీ ఎక్కడుంది?

ఎమిలీ జోలా 1883లో రాసిన 'ఓ బొనూర్ దె దామ్' నవలని ఎం.ఏ. పిల్లలకి చాలా ఏళ్లు పాఠం చెప్పాను. ఇంగ్లీషులో 'ద లేడీస్ ప్యారడైజ్' పేరుతో దొరుకుతుంది. ప్రతి ఏడూ ఒకటే పాఠం. దుకాణం అమరిక స్త్రీల కోరికని ఎలా తయారుచేస్తుంది, పురుషుడైన యజమాని దాన్ని ఎలా సొమ్ము చేసుకుంటాడు అని. ఒక ఏడాది వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మేడమ్, డెనీజ్ ఎక్కడ కూర్చుంటుంది?" అనడిగింది. ఆ అమ్మాయి రెండు పండగ సీజన్లు మా ఊళ్లో ఒక బట్టల షాపులో పనిచేసిందని తర్వాత తెలిసింది. నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లి నవల మళ్లీ తెరిచాను.

నేను పాఠం చెప్పిన విషయాలు తప్పేమీ కావు. యజమాని ఆక్టేవ్ మూరేకి అమరిక ఒక యుద్ధ విద్య. పట్టుబట్టల విభాగంలో రంగుల వరసలు ఒద్దికగా పేర్చి ఉంటే అవన్నీ లాగి కుప్పలుగా పడేస్తాడు, చూసేవాళ్ల కళ్లు చెదరాలని. ఇంకోచోట పెద్ద అమ్మకం దగ్గరపడ్డాక విభాగాలన్నీ మరీ చక్కగా కుదిరాయని గ్రహిస్తాడు. అలా ఉంటే ఆడవాళ్లు తిన్నగా వచ్చి, కావలసింది కొనుక్కుని వెళ్లిపోతారు. అందుకని అన్నింటినీ చెల్లాచెదరు చేయిస్తాడు. దారి తప్పాలి, ఒకే చోటికి పదిసార్లు రావాలి, అడగని వస్తువు ఎదురుపడాలి. పట్టుచీరకని వెళ్లి, మూడంతస్తులు తిరిగి, స్టీలు డబ్బాలతో ఇంటికొచ్చిన నాకు మూరే అర్థం కావడం ఏమంత కష్టం కాలేదు! అద్దాల కిటికీలో తలల్లేని బొమ్మలుంటాయి, తల ఉండాల్సిన చోట ధర చీటీ ఉంటుంది. స్త్రీవాద విమర్శకి ఇంతకంటే ఏం కావాలి? నేను అక్కడే ఆగిపోయాను.

కానీ జోలా ఆగలేదు. 1882లో బాన్ మార్షే లాంటి పారిస్ దుకాణాలకి స్వయంగా వెళ్లి నోట్సు రాసుకున్న మనిషి. డెనీజ్ పొద్దుటినుంచీ రాత్రిదాకా నిలబడే ఉంటుంది. ఒక్క నిమిషం చెక్కగోడకి ఆనుకున్నా చీవాట్లే. చవకరకం బూట్లలో ఆమె పాదాలు వాచి నలిగిపోతాయి. ఈ పేజీలు నేను ఎన్నిసార్లు చదివానో. క్లాసులో మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు. మూరే విభాగాలు మార్చాడని చెప్పాను గానీ, ఆ గుడ్డల బేళ్లు మోసిందెవరో చెప్పలేదు. నా చదువులో దుకాణంలోకి వచ్చే స్త్రీ ఉంది, అందులో ఉండే స్త్రీ లేదు. నేనెప్పుడూ కౌంటరుకి ఇవతలే నిలబడ్డాను కదా.

ఈ చూపు నాదొక్కదానిదే కాదు. దుకాణాల శాస్త్రానిదీ ఇదే. పేకో అండర్‌హిల్ 1999లో వేసిన 'వై వీ బై' పుస్తకంలో ఒక పరిశీలన ఉంది. ఇరుకు దారిలో వెనకనుంచి ఎవరైనా రాసుకుంటూ వెళ్తే, ముఖ్యంగా ఆడవాళ్లు, చూస్తున్న వస్తువు వదిలేసి తప్పుకుంటారట. కాబట్టి దారి వెడల్పు చెయ్యాలి. మన ఒంటికి కలిగే ఇబ్బందిని ఇంత శ్రద్ధగా లెక్కగట్టిన వాళ్లు, అదే దారిలో పదిగంటలు నిలబడే అమ్మాయి మోకాళ్లని లెక్కగట్టలేదు. ఆ నొప్పితో అమ్మకం తగ్గదు మరి.

మా చిన్నప్పటి బట్టలకొట్టు గుర్తొస్తుంది. తెల్లదుప్పటి పరిచిన పరుపు, గోడ పొడుగునా బీరువాలు. అమ్మ కూర్చునేది, గుమాస్తా కూడా కూర్చునేవాడు. అదేదో స్వర్ణయుగం అనడం లేదు. అమ్మ చెవుల దుద్దులు చూసి ఏ ఖరీదు చీర తీయాలో అతనే నిర్ణయించేవాడు, బీరువా మీద ఆమెకి చెయ్యి వేసే వీల్లేదు. పైగా గుమాస్తాలంతా మగవాళ్లే. ఆడపిల్లలు ఆ పనిలోకి వచ్చే వేళకి పరుపు పోయి గాజు కౌంటరు వచ్చింది. కొనేవాళ్లకి స్టూలు వేశారు.

జోలా వదిలిన చోటునుంచి ముందుకెళ్లింది, నా దృష్టిలో, వసంతబాలన్ 2010 నాటి తమిళ సినిమా 'అంగాడి తెరు'. తెలుగులో 'షాపింగ్ మాల్' పేరుతో వచ్చింది. అందులో చెన్నై టి.నగర్ దుకాణాన్ని మనం కొనేవాళ్ల కళ్లతో చూడం. మెరిసే అంతస్తుల వెనక కిక్కిరిసిన పడక గది, తోసుకుంటూ తినే అన్నం కనిపిస్తాయి. చివరికి కని కాళ్లు పోగొట్టుకుంటుంది. ఆ మలుపు అతిగా ఉందని మొదట విసుక్కున్నాను. డెనీజ్ పాదాల తర్వాత చూస్తే అలా అనలేకపోయాను. జోలా డెనీజ్‌ని యజమానికిచ్చి పెళ్లి చేసి ఆ పాదాల సంగతి మర్చిపోయాడు. అది నవలకున్న పెద్ద లోటు. ఆ సినిమా మర్చిపోలేదు.

కుర్చీ కథ సాహిత్యం బయట కూడా నడిచింది. జోలా నవల వచ్చిన పదిహేడేళ్లకి, 1900 డిసెంబరులో, దుకాణాల్లో పనిచేసే స్త్రీలెందరో అన్ని ఆసనాలుండాలని ఫ్రాన్స్ చట్టం చేసింది. మనకి దగ్గర్లో కోజికోడ్‌లో పి.విజి, 'పెణ్‌కూట్టు' స్త్రీలు ముందు మూత్రశాల కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం ఏళ్లతరబడి పోరాడారు. కేరళ 2018లో దుకాణాల చట్టాన్ని సవరించింది, తమిళనాడు 2021లో. ఏ విజువల్ మర్చండైజింగ్ పాఠంలోనూ రాని వస్తువుని అమరికలోకి తెచ్చింది ఈ స్త్రీలే. మనం దీన్ని కార్మిక సమస్య అని పక్కన పెట్టి, మాల్ అద్దాల గురించి వ్యాసాలు రాసుకున్నాం.

మొన్న అక్క కూతురి పెళ్లికి చీరలకని వెళ్లాను. నాకు స్టూలు వేశారు, కాఫీ ఇచ్చారు. చీర వెంబడి చీర విప్పుతున్న అమ్మాయికి ఇరవై ఉంటాయేమో. ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదికి మారుతోంది. స్టూలు ఆమె వైపు జరిపి, "కాసేపు కూర్చోమ్మా, నేనే మడతలు తీస్తాను" అన్నాను. "వద్దు మేడమ్" అని నవ్వి, పైనున్న కెమెరా వైపు కళ్లతోనే చూపించింది. స్టూలు వెనక్కి లాక్కుని నేనే కూర్చున్నాను.