'స్టార్మ్‌బ్రేకర్' నవల: అవరోహణ, పరిష్కారం

ఆంథొనీ హోరోవిట్జ్ నవల 'స్టార్మ్‌బ్రేకర్' 2000లో వెలువడింది. పద్నాలుగేళ్ల అలెక్స్ రైడర్ లండన్ సైన్స్ మ్యూజియంలోకి పారాచూట్‌తో దిగి, బడులకిచ్చిన కంప్యూటర్ల ద్వారా మశూచి వైరస్ వ్యాపించకుండా ఆపడం పరాకాష్ఠ. ప్రమాదం తప్పింది కాబట్టి కథ ముగిసిందని మీకు అనిపించవచ్చు. కాని అసలు ప్రశ్న తరువాతి అవరోహణ దశలోనే తేలుతుంది.

ఈ దశలో రెండు ఘట్టాలున్నాయి. మొదటిది, గూఢచారి సంస్థ అధిపతి బ్లంట్‌తో సమావేశం. మళ్లీ పిలుస్తామన్న సూచనే తప్ప అక్కడ ఆప్యాయత లేదు. రెండవది, తప్పించుకున్న ప్రతినాయకుడు సేల్ అలెక్స్‌ను ఒక భవనం పైకి తీసుకుపోవడం. అవరోహణలో ఉత్కంఠ తగ్గాలన్న సూత్రాన్ని రచయిత ఇక్కడ సడలించాడు.

సేల్‌ను చంపి అలెక్స్ ప్రాణం నిలిపినవాడు యాసెన్. అలెక్స్‌ను పెంచిన ఇయాన్‌ను చంపినవాడూ అతడే. కనుక బాహ్య సంఘర్షణ తీరింది, ఆంతరిక సంఘర్షణ తీరలేదు. దీనిని కేవలం తరువాతి నవలకు వేసిన ఎరగా భావించడం తొందరపాటు. బాలుణ్ణి ప్రభుత్వ సంస్థ వాడుకోజూస్తుంది. నువ్వింకా పిల్లవాడివి, బడికి వెళ్లమని చెప్పినవాడు మాత్రం హంతకుడు! ఈ వైపరీత్యమే ముగింపుకు బలం. పరిష్కారమంటే అన్ని చిక్కుముడులూ విప్పడం కాదని, ఏ ముడి మిగిలిందో పాఠకుడికి స్పష్టం చేయడం కూడా పరిష్కారమేనని గ్రహించండి.