మధ్యలో పిల్లర్ వద్దంటే

హన్మకొండ వేయి స్తంభాల గుడికి చుట్టాలను తీసుకుపోతే అందరూ ముందు స్తంభాలే లెక్కపెడతారు. నన్నడిగితే స్తంభానికీ స్తంభానికీ మధ్య జాగా చూడాలి. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడిలో స్తంభాలు అంత దగ్గరగా నిలబడటానికి అందం ఒక్కటే కారణం కాదు. పైనున్న రాతిదూలం అంతకన్నా ఎక్కువ దూరం దాటలేదు. బరువు పడ్డప్పుడు దూలం పైభాగం నలుగుతుంది, కిందిభాగం సాగుతుంది. రాయి నలుగుడుకు ఎంతైనా ఓర్చుకుంటుంది. సాగమంటే మాత్రం పగులుతుంది, అదీ చెప్పాపెట్టకుండా. అందుకే స్తంభాల నెత్తిన బోదికలు పెట్టి ఆ దూరాన్ని ఇంకాస్త తగ్గించారు.

ఇనుము అలా కాదు. నలిగినా సాగినా ఒకేలా పనిచేస్తుంది, తెగేముందు బాగా వంగి కనబడుతుంది.

ఊళ్లో ఇప్పుడు ఇళ్ల ముందుగదులన్నీ దుకాణాలైపోతున్నాయి. మధ్యగోడ కొట్టేసి, స్లాబును జాకీల మీద నిలబెట్టి, గోడ ఉన్నచోట గడ్డర్ ఎక్కించడం రోజూ చూసే పనే. ఈమధ్య అట్లాంటి చోట కాసేపు నిలబడ్డాను. దాటాల్సింది 18 అడుగులు. మధ్యలో పిల్లర్ వద్దని ఇంటాయన పట్టు.

“గింత లావుది ఎందుకే? సీలింగ్ కిందికొస్తది. 200వి రెండు పక్కపక్కన ఎయ్యరాదు?” అన్నాడు.

వెల్డర్ మాట్లాడకుండా చేతిలోని స్టీల్ స్కేలును ముందు వెల్లకిలా వంచి చూపాడు, తర్వాత నిలువుగా పట్టి వంచమని ఆయనకిచ్చాడు. నాకైతే అది చాలు. ఆయనకు మాత్రం లెక్క కావాలి. 200 మిల్లీమీటర్ల ఎత్తున్న గడ్డర్లు రెండు కలిస్తే మీటరుకు 50 కిలోలకు దగ్గర. 300 ఎత్తుది ఒక్కటే అయితే సుమారు 45. తక్కువ ఇనుముతో, వంగకుండా నిలిచే శక్తి దాదాపు రెట్టింపు. నలుగుడూ సాగుడూ పైఅంచు, కిందిఅంచు దగ్గరే ఎక్కువ కాబట్టి సరుకంతా అక్కడ పెట్టి, నడుమ పలుచని రేకు నిలబెట్టారు. ఐ అక్షరం ఆకారం అట్లా వచ్చిందే. ఏ సైజు వెయ్యాలో మాత్రం పైబరువు లెక్కగట్టి ఇంజనీరు చెప్పాలి, ఇనుపకొట్టు ఆసామి కాదు.

పాత ఇళ్లలో రైలు పట్టాలే దూలాలుగా వేసి, వాటి మీద షాబాద్ బండలు పరిచేవారు. పట్టా తల బరువు చక్రం కోసం చేసింది, కప్పు కోసం కాదు. పైగా అందులో కార్బన్ ఎక్కువ. ఎట్లాబడితే అట్లా వెల్డింగ్ పెడితే అతుకు పక్కనే పగులుతుంది. అవి ఇంకా నిలబడే ఉన్నాయంటే అప్పటివాళ్లు దగ్గరదగ్గరగా వేయబట్టే.

నన్నడిగితే గడ్డర్ నడుము కన్నా చివరలే ఎక్కువ గమనించాలి. కప్పు బరువంతా సగం సగం ఆ రెండు చోట్లకే దిగుతుంది. పాత ఇటుకగోడలో బొక్క కొట్టి నేరుగా కూర్చోబెడితే కింది ఇటుక పిండైపోతుంది. చిన్న కాంక్రీటు దిమ్మె పోసి, దాని మీద ఇనుపప్లేటు వేసి అప్పుడు ఆనించాలి. స్లాబుకూ గడ్డర్‌కూ మధ్య సందులో చీలలు బిగించి గట్టిగా మాలు కూరాలి. అది గట్టిపడ్డాకే జాకీలు కొద్దికొద్దిగా వదలాలి. ఆ తర్వాత కాస్త వంగితే కంగారు పడనక్కర్లేదు. టైల్స్, పూత పగలకుండా ఉండాలంటే వాడుక బరువుకు దూరంలో 360వ వంతు దాటకూడదని మన ఇంజనీర్ల కోడ్, ఐఎస్ 800. 18 అడుగులకు అది 15 మిల్లీమీటర్లు.

ఆ రోజు దిమ్మెలు పోశారు, ప్లేట్లు పెట్టారు. గోడలోకి పోయే చివరలకు తడి తగులుతుంది, తర్వాత బ్రష్ దూరదు. రెడాక్సైడ్ ముందు వాటికే పూయాలి. డబ్బా తేవడానికి పోయిన పిల్లోడు వచ్చేసరికి గడ్డర్ పైకెక్కేసింది.