పెళ్లిని వినే మేళం

పెళ్లి కుదిరిందంటే ముందు మండపం, తర్వాత వంటవాళ్లు, ఆ తర్వాత ఫొటోలు, వీడియో. మేళం సంగతి పది రోజుల ముందు ఏ పెద్దమ్మకో గుర్తొస్తుంది. ‘ఎవరో ఒకర్ని చూడండ్రా’ అంటుంది. ఆ ఎవరో ఒకరి ఊపిరి మీదే ముహూర్తం నడవబోతోందని ఆవిడకు తెలుసు, కానీ ఆవిడ మాట వినేదెవరు?

సన్నాయి అన్నా, నాదస్వరం అన్నా మన పెళ్లిళ్లలో ఒకటే. ఆచా కర్రతో చేస్తారు. పాత ఇళ్ల దూలాల కర్రయితే నాదం ఇంకా పండుతుందంటారు. తంజావూరు సీమలో నరసింగంపేట దానికి పేరుమోసిన ఊరు. వేళ్లు ఆడేవి ఏడు రంధ్రాలే. వాటి కింద మరికొన్ని ఉంటాయి, శ్రుతి సరిచూసుకోవడానికి వాటిని మైనంతో పూడుస్తారు. వాద్యం గురించి ఇది చాలు. అసలు కష్టం నోటి దగ్గరుంది. తడి ఆరకుండా నాలుకతో చూసుకోవలసిన చిన్న పీక, దాని మీద పెదవుల ఒత్తిడి, ఊపిరి బిగువు, రంధ్రాన్ని సగం మూసే వేలు. గమకం అంతా వాటిలోంచే పుట్టాలి. వీణలాగా మెట్లు లేవు. వేలు అర గింజంత తప్పితే కల్యాణి కల్యాణిలా ఉండదు.

డోలు మరో లోకం. కుడి చేతి వేళ్లకు గట్టి తొడుగులు, ఎడమ చేతిలో పొట్టి కర్ర. చిన్న గదిలో ఆ మోత భరించలేం. వెయ్యి మంది మాట్లాడుకుంటున్న మండపంలోనేమో అదే హాయి. మంచి డోలు విద్వాంసుడు కీర్తన నడుస్తున్నంతసేపూ అణిగి ఉంటాడు, చరణం ముగిసే చోట ఒక్క విసురు విసురుతాడు. అప్పటిదాకా అప్పడాల గురించి మాట్లాడుతున్న మామయ్యలు కూడా తల తిప్పుతారు.

ఇక గట్టిమేళం. నా మాటంతా దాని గురించే. విద్వాంసుడు ఆనందభైరవి రాగాలాపనలో ఉంటాడు. వేళ్లు రాగంలో, కళ్లు మాత్రం పురోహితుడి చేతి మీద. జీలకర్ర బెల్లం పెట్టే ఘడియ రాగానే పురోహితుడు తలెత్తడు, చెయ్యెత్తుతాడు. ఒక్కోసారి ‘గట్టిమేళం!’ అని అరుస్తాడు, ఒక్కోసారి కనుబొమే సైగ. ఆ క్షణంలో సగంలో ఉన్న సంగతిని ఎక్కడికక్కడ వదిలెయ్యాలి. డోళ్లు రెండూ ఒకేసారి దుడుకు నడకలోకి దూకాలి. ఎవరి తుమ్మూ, ఏ అశుభపు మాటా వధూవరుల చెవిన పడకుండా నాదం కప్పెయ్యాలి. మంగళసూత్రం దగ్గర మళ్లీ అదే. పురోహితుడి చెయ్యి దిగగానే డోళ్లు అంతే చప్పున తగ్గాలి. అప్పుడు చూడండి పనితనం: గొప్పవాడు వదిలిన చోటి నుంచే రాగాన్ని మళ్లీ అందుకుంటాడు. మధ్యలో ఏమీ జరగనట్టు! ఇది కచేరీలో నేర్చుకునేది కాదు. వందల పెళ్లిళ్లు చూసి, వేల సైగలు పట్టుకుని అబ్బిన విద్య.

ఈ విషయంలో నేను పక్షపాతిని. మాది చిలకలూరిపేట వైపు. గోదావరి వాళ్ల మేళం తీపిదే, తంజావూరు వాళ్ల రాగవిస్తారం గొప్పదే, ఒప్పుకుంటాను. కానీ కృతిని అక్షరం విడవకుండా వినిపించడంలో మా వాళ్ల తర్వాతే ఎవరైనా. ముస్లిం కుటుంబాలు తరతరాలుగా రాముడి కల్యాణానికి సన్నాయి పట్టిన సీమ మాది. కరవది గ్రామంలో పుట్టిన షేక్ చినమౌలానా తంజావూరు బాణీ మీద మోజుతో నాచియార్‌కోయిల్ సోదరుల దగ్గర చేరి, శ్రీరంగంలో స్థిరపడ్డారు. అంతటి తమిళ దేశం ఆయన్ను తన విద్వాంసుడిగా నెత్తిన పెట్టుకుంది. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి. ఆయన తోడి విన్నవాళ్లు టి.ఎన్. రాజరత్తినం పిళ్లైని తలుచుకుంటారు, నాదస్వరంలో అంతకు మించిన పొగడ్త లేదు. ఆయన శిష్యులే మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ వచ్చింది. ఆడవాళ్లు అరుదుగా పట్టే వాద్యం మీద కాలేషాబీ గారి ఊపిరి చూశాక, ‘ఆడవాళ్ల వల్ల కాదులే’ అనే పెద్దమనిషిని నేను మళ్లీ నమ్మలేదు.

అలాంటి విద్యను మనం ఎలా చూస్తున్నాం? ఆమధ్య మా బంధువుల పెళ్లికి మేళమే పిలవలేదు. ఏర్పాట్లు చూసే కుర్రాడు ఫోనులో గట్టిమేళం పెట్టి పెద్ద స్పీకర్లకు కలిపాడు. పురోహితుడు చెయ్యెత్తాడు, కుర్రాడు మీట నొక్కాడు. ముందు పళ్లపొడి ప్రకటన వచ్చింది! తాళి మూడు ముళ్లూ పడ్డాయి, ప్రకటన ఇంకా నడుస్తోంది. పెళ్లికొడుకు తల్లి ముఖం నాకు ఇప్పటికీ కళ్లలో ఉంది. ఫోనుకు పురోహితుడి చెయ్యి కనపడదు. కీబోర్డు మీద సన్నాయి గొంతు నొక్కేవాడికి కనపడుతుంది, కానీ ఆ గొంతులో ఊపిరి లేదు, తడి లేదు. బ్యాండు మేళం వాళ్లను నేనేమీ అనను. క్లారినెట్ వాయించే ఆ పాత చేతులను కూడా ఈ డీజే పెట్టెలే మింగుతున్నాయి.

మేళం పిలిచినవాళ్లు చేసేది మాత్రం తక్కువా? విద్వాంసులను మూల గదిలో, పూల గోడ వెనక, చెప్పుల పక్కన కూర్చోబెడతారు. ఆఖరి పంక్తిలో భోజనం. ఎక్కువమంది నాయీబ్రాహ్మణ కుటుంబాల వాళ్లు కావడం వల్లే ఈ చిన్నచూపని నాకనిపిస్తుంది. అనిపించడమేమిటి, కళ్లారా చూశాను. మన ముహూర్తం వాళ్ల ఊపిరితో నడవాలి, మన ముద్ద మాత్రం వాళ్లకు చివర దక్కాలి.

కనుక ముహూర్తం పెట్టిన రోజే మేళానికీ మాటివ్వండి. మాఘ, ఫాల్గుణ, వైశాఖ మాసాల్లో మంచి ముహూర్తానికి ఊరంతా పెళ్లిళ్లే, మంచి చేతులు ముందే అయిపోతాయి. వీడియో చూసి కుదుర్చుకోకండి. ఏదైనా గుడి ఉత్సవంలో వాళ్ల వాయింపు స్వయంగా వినండి. ఇద్దరు సన్నాయి, ఇద్దరు డోలు, శ్రుతి, తాళం ఉంటే నిండుగా ఉంటుంది. ఒక్కొక్కరే అయినా, మంచివాళ్లయితే చాలు. మైకు పెట్టాల్సి వస్తే సన్నాయి నోటికి ఎదురుగా పెట్టకండి, పక్కకు కొంచెం దూరంగా ఉంచండి. గొంతు తడుపుకోవడానికి వేడినీళ్లు, పొద్దున్నే టిఫిను. సినిమా పాట ఒకటి రెండు అడగండి, తప్పేం లేదు. నేను కూడా అడిగి సిగ్గుపడ్డాను. కానీ గణపతి కీర్తన దాటకముందే అడగకండి. మీ పురోహితుణ్ని, మేళం పెద్దను ముందురోజే ఒకచోట కూర్చోబెట్టండి. ఏ తంతు తర్వాత ఏది, ఏ సైగకు ఏమిటి అని వాళ్లే మాట్లాడుకుంటారు, మనం పక్కన నిలబడితే చాలు.

మా బావగారి మనవరాలి పెళ్లి వచ్చే ఫాల్గుణంలో. మేళానికి వేదిక పురోహితుడికి సూటిగా ఎదురుగా వెయ్యమని నిన్న వెళ్లి చెప్పొచ్చాను. అలంకరణ వాళ్లు గొణిగారు. పూల గోడ నాలుగడుగులు పక్కకు జరపాలట. జరపండి అన్నాను.